వేలు మళ్ళీ పెట్టండి

ఆకివీడు దాటాక, ఉప్పుటేరు వాసన మొదలయ్యే చోట
మా రొయ్యల ఫ్యాక్టరీ.
నేనక్కడ టైమాఫీసు గుమస్తాని.
ఎవరు ఎప్పుడొచ్చారో నాకు తెలుసు.
ఎలా వచ్చారో రాయడానికి నా రిజిస్టర్లో గడి లేదు.

కొనేవాళ్ళ ఆడిటుకి ముందు వారం
క్యాంటీన్ గోడకి ఓ పోస్టరు అతికించారు:
"మీ మనసు మాకు ముఖ్యం."
పక్కనే ఇనప్పెట్టె, సన్నటి నోరు,
పైన కెమెరా.
తాళంచెవి నా జేబులో.
మొదటి శనివారం తీశాను, ఏమీ లేదు.
రెండో శనివారం వక్కపొడి పొట్లం, ఖాళీది.
మూడో శనివారం నీలం గ్లవుజు వేలొకటి,
కొసన చిరిగింది.
"సూచనలు: నిల్" అని రాసి సంతకం పెట్టాను.

ఐసు నీళ్ళలో ఎనిమిది గంటలు
తలకాయ తుంచి, నరం లాగి, పొట్టు ఒలిచే చేతులకి
ముందు పోయేది గోళ్ళు కాదండీ, గీతలు.
దేవుడు గీశాడంటారే, ఒకరివి ఇంకొకరికి రానివి,
అవి.
గేటు దగ్గర మిషనుకి కావాల్సింది అవే.
"వేలు మళ్ళీ పెట్టండి" అంటుంది.
ఎంత మర్యాదో దాని గొంతులో!

సువార్త వేలు పెడుతుంది.
కొంగుకి తుడిచి పెడుతుంది.
నోటి ఆవిరి ఊది పెడుతుంది.
వెనక నలభై మంది, బయట కంపెనీ బస్సు హారను,
గణపతి ఈల.
"ఏటమ్మా, నీ వేలు నీదేనా?"
వరస నవ్వింది.
కొన్నాళ్ళకి తనే ముందు నవ్వడం నేర్చుకుంది.
నేనూ నవ్వాను. గుర్తు లేదంటే అబద్ధం.
మిషను గుర్తుపట్టని రోజు అరపూట కోత.
రాసింది ఈ చెయ్యే.

రొయ్యకి కౌంటు ఉంటుంది.
కిలోకి ముప్పై తూగితే ఓ ధర, యాభై తూగితే ఓ ధర.
భయం కిలోకి ఎన్ని తూగుతుందో
ఏ ట్రే మీదా రాసి లేదు.

ఆషాఢంలో ఓ తెల్లవారుజామున
గేటు దాకా వచ్చి ఆగిపోయింది సువార్త.
వేలు పైకి లేవలేదు.
కోల్డ్ స్టోరు వెనక థర్మాకోల్ పెట్టెల మధ్య కూలబడి
"వస్తున్నానండీ, వస్తున్నా" అంటోంది,
ఎవరూ పిలవకుండానే.
గణపతి "నాటకాలు" అన్నాడు.
డాక్టరు బీపీ చూసి మామూలే అన్నాడు.
నేను అరపూట వేశాను.

కొత్తగా వచ్చిన పర్సనల్ ఆఫీసరు షకీలా మేడమ్
పోస్టరు చదవలేదు. రిజిస్టరు చదివింది.
ఒకే పేరు ఎదురుగా ఇన్ని అరపూటలేంటని అడిగింది.
నేను ఫ్యాను వైపు చూశాను.
మర్నాడు గంబూట్లు తొడుక్కుని, టోపీ పెట్టుకుని
బల్ల దగ్గర సువార్త పక్కన నిలబడింది. వారం రోజులు.
వారం ఆఖర్న గేటు దగ్గర
"వేలు మళ్ళీ పెట్టండి" అంది మిషను మేడమ్‌తో,
అదే మర్యాదగా.
ఈసారి ఎవరూ నవ్వలేదు.
గణపతి ఈల నోట్లోనే ఉండిపోయింది.

ఇప్పుడు గేటులో నేనే పేర్లు పిలుస్తాను.
"దీనమణి."
"ఉన్నానండీ."
"పేరంటాలు."
"ఆయ్, ఉన్నాను."
"సువార్త."
ఒక్కో రోజు జవాబు కాస్త ఆలస్యంగా వస్తుంది.
ఆగుతాను.
ఆగడం కూడా నా డ్యూటీలో భాగమని
పదహారేళ్ళ సర్వీసులో ఎవరూ చెప్పలేదు.

అన్నీ మారిపోయాయని కాదు.
ఈల ఉంది. టార్గెట్టు ఉంది.
సీజన్లో పన్నెండు గంటలూ ఉన్నాయి.
బల్లకి రెండేసి కుర్చీలొచ్చాయి.
పెట్టెని కెమెరా కింద నించి పీకి
ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గది గుమ్మం పక్కన కొట్టారు.

మొన్న శనివారం మొదటి చీటీ దొరికింది.
మేత బస్తా లేబులు వెనక, పెన్సిలుతో, పేరు లేకుండా:
"కుర్చి కాలు ఊగుతుందండి. పడతామేమోనని బయ్యం."
ఆ మాట ఈ ఫ్యాక్టరీలో కాగితం మీద చూడ్డం
నాకదే మొదలు.
వడ్రంగిని పిలిచి మేకు కొట్టించాను.

తర్వాత నేనూ ఓ చీటీ రాసి వేశాను:
"మార్చి నించి సువార్తకి పదకొండు అరపూటలు బాకీ.
కోసింది గుమస్తా."
పేరు పెట్టాను.
తాళంచెవి ఇంకా నా జేబులోనే ఉంది.
శనివారం నేనే తియ్యాలి,
నేనే చదవాలి.